చెరపని కళ్ళు

మొన్న మంగళవారం ఇద్దరు ఆడపిల్లలు నా బైండింగు షాపుకి వచ్చారు. కాలేజీ లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకమొకటి బల్ల మీద పెట్టి, “తాతగారూ, మాకు సేమ్ ఇలాగే కావాలండి” అన్నారు.

“ఇలాగే అంటే?”

“ఈ సైజూ, ఈ మెరూన్ అట్టా, ఈ బంగారం అక్షరాలూ. మా సార్ ఇదే మోడల్ అన్నారు.”

“చదివారా?”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “మార్జిన్లు కొలుచుకున్నామండి” అంది అందులో పొడుగుపిల్ల.

నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తీసుకుని నడిమికి విప్పి కుట్టు చూశాను. నేను తెల్లదారంతో తప్ప కుట్టను. విజయనగరంలో ఈ షాపు తెరిచిన దగ్గర్నుంచి ఒకే ఒక్క పుస్తకాన్ని పసుపుదారంతో కుట్టాను. దారం తెచ్చిందీ ఆ పుస్తకం రాసిన పిల్లే, పసుపునీళ్ళలో నానబెట్టి నా షట్టరు కొక్కేనికి ఆరేసిందీ ఆ పిల్లే. నాలుగేళ్ళయినా రంగు అలాగే ఉంది.

పేరు రాయను. అట్ట మీద బంగారు అక్షరాల్లో నేనే అద్దాను, అది చాలు. వాళ్ళ ఊళ్ళో ఆ పేరు ఇప్పటికే చాలామంది నోళ్ళలో నలుగుతోంది.

బొమ్మల కోర్సు ఆఖరి సంవత్సరంలో ఉండగా వచ్చింది. వాళ్ళకి సగం పరీక్ష చేత్తో, సగం కలంతో. బొమ్మలు చేసి ప్రదర్శన పెట్టాలి, వాటి వెనకున్న ఆలోచనని పుస్తకంగా రాసివ్వాలి. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటేనే డిగ్రీ. ఆ పిల్ల ఎంచుకున్నది వాళ్ళమ్మమ్మ పని. కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఇంకో ఆటో ఎక్కి వెళ్ళాల్సిన ఊరు వాళ్ళది. ఆ ఊరి అమ్మవారి పండక్కి ఘటం రాసే వంతు తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళది. కుండకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మసితో కళ్ళు దిద్దుతారు. అమ్మవారు ఆ కుండలో ఉండి వీధులన్నీ తిరుగుతుంది. ఆఖరి రోజున పొలిమేర దాటించి వదిలేసి వస్తారు. దాన్ని అనుపు అంటారు, అంటే సాగనంపడం.

ఆ పిల్ల గోళ్ళు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. స్టూలు చూపిస్తే కూర్చునేది కాదు. కటింగు మిషను కింద పోగుపడిన కాగితపు పేలికల గుట్ట మీద, కోడిపెట్టలా, పావడా సర్దుకుని కూర్చునేది. సంచిలో మురీల పొట్లం, అంటే మరమరాలు. నాకో గుప్పెడు పోసి తనో గుప్పెడు బుక్కేది. చదివేటప్పుడు మాత్రం లేచి నిలబడేది, ఒంటికాలి మీద, కుడిపాదంతో ఎడమపిక్క రుద్దుకుంటూ. కాగితం కొనేముందు వాసన చూసేది. “ఇది బాగుంది తాతా, ఇది రంగు తాగదు” అనేది. ముప్పై ఏళ్ళుగా కాగితంతో బతుకుతున్నవాణ్ణి, ఆ సంగతి నా వేళ్ళకి తెలుసు గానీ ముక్కుకి తెలీదు.

ఏ జాగ్రత్త చెప్పినా ఒకటే మాట: “ఐతే ఏటౌతాది తాతా?” మైదా జిగురులో మైలుతుత్తం కలిపాను, విషం, వేలు పెట్టకే అంటే, “పెడితే ఏటౌతాది?” గైడుతో వాదం పెట్టుకోకు, మార్కులు అతని చేతిలో ఉన్నాయంటే, “పెట్టుకుంటే ఏటౌతాది?” ఆ మాటలో పొగరు లేదు. నిజంగానే ఏమవుతుందో చూద్దామన్నట్టు అడిగేది.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాతి చదువంతా, బైండింగుకొచ్చిన పుస్తకాలకి జిగురు ఆరేలోపు చదివిందే. ఈ ఊళ్ళో పెద్ద చదువులు చదివినవాళ్ళ గ్రంథాలు ఎన్నో నా సూది కిందనుంచి వెళ్ళాయి. ఒకరి పుస్తకంలోని పేజీలు ఇంకొకరి పుస్తకంలో పేరు మార్చుకుని కనబడితే పళ్ళు నూరుకుని కుట్టిచ్చాను. అలాంటి నాకు ఆ పిల్ల కాగితాలు చదివితే ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితాల అంచులనిండా గైడు ఎర్రకలంతో రాసిన మాట ఒకటే: ఆధారం?

“సూడు తాతా. ఘటానికి కళ్ళు ఆఖర్న రాస్తారు అని రాస్తే ఆధారమేటి అంతాడు. మా అమ్మమ్మ అన్నాను. అమ్మమ్మ ఆధారం కాదంట.”

“మరేది ఆధారమట?”

“పుస్తకం.”

“ఏ పుస్తకం?”

“ఎవులైనా రాసింది. ఎవులూ రాయనేదు సార్, అందుకే నాను రాస్తన్నాను అన్నాను. ఎవులూ రాయకపోతే ఆధారం లేనట్టే కదమ్మా అన్నాడు.” పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“అసలు నీకా పని వచ్చా? అమ్మమ్మ చేస్తుంటే చూడ్డమేనా?” అన్నాను, ఉక్రోషం ఎవరి మీద తీర్చుకోవాలో తెలీక.

సంచిలోంచి రెండు చిన్న డబ్బాలు తీసింది. నా మంచినీళ్ళ కుండని వెలుగులోకి జరిపి, పసుపు తడిపి పూసి, వేపపుల్లని మసిలో ముంచి, రెండు గీతల్లో రెండు కళ్ళు దిద్దింది. ఐదు నిమిషాలు పట్టలేదు. రోజూ నేను నీళ్ళు ముంచుకునే కుండ నన్ను చూసింది. నిజం చెప్తున్నాను, నేను లేచి నిలబడ్డాను.

ఆ పిల్ల బొటనవేలు నీళ్ళలో ముంచి, ఎడమకన్ను, కుడికన్ను, రెండు తుడుపుల్లో తుడిచేసింది. కుండ కుండైపోయింది.

“అంతే తాతా. అమ్మ ఎల్లిపోయింది. అనుపునాడు పొలిమేర కాడ మా అమ్మమ్మ ఇలాగే సెరిపేస్తాది. సెరిపేకే ఎవులైనా ఎనక్కి తిరగాల. కళ్ళతో ఒగ్గేస్తే అమ్మ ఊరొదల్దంట.” వేలు పావడాకి తుడుచుకుని, “మట్టి మీద రాసింది తడివేలికి వచ్చేస్తాది. కాగితం మీదైతే రాదు. అందుకే మావోలు కాగితం మీద రాయరు” అంది.

అప్పుడన్నాను ఆ మాట. వయసు మీరినవాణ్ణి, నాలుగక్షరాలు నా అంతట నేనే నేర్చుకున్నవాణ్ణి, చదువుకున్నవాళ్ళ మీద నాకున్న కోపమంతా కలిపి అన్నాను. “ఆధారం కావాలన్నారుగా? ఆ ఘటాన్నే కళ్ళతో సహా తెచ్చి వాళ్ళ బల్ల మీద పెట్టు. అప్పుడు ఏ పుస్తకం అడుగుతారో చూద్దాం.”

ఏటౌతాది అనలేదు. పిక్క రుద్దుకుంటూ కుండకేసి చూసింది.

“కళ్ళతోనా?”

“కళ్ళతోనే.”

పండగ అయిన మూడో రోజు పొద్దున్న బస్సు దిగి సరాసరి నా షాపుకొచ్చింది. ఒళ్ళో తువ్వాలు కప్పిన కుండ. హాస్టల్లోకి తేనివ్వరని, గదిలోని పిల్లలు ఒప్పుకోరని చెప్పింది. పుస్తకాలు నొక్కే ప్రెస్సు మీద పెట్టి తువ్వాలు తీసింది. నా కుండ మీద రాసింది ఆట. ఇది అది కాదు. పసుపు ఎండి సన్నగా పగుళ్ళిచ్చింది. మెడలోని వేపమండ వాడి ఆకులు రాలుతున్నాయి. కళ్ళు మాత్రం అప్పుడే దిద్దినట్టున్నాయి.

“మీ అమ్మమ్మ ఒప్పుకుందా?”

“ఒప్పుకుంది. సెరిపేటప్పుడు ఆవిడొక్కతే దగ్గరుంతాది, అందరూ దూరంగా నిలబడతారు కదా. సెరిపినట్టు వంగింది. సెరపనేదు. తెల్లారగట్ట నానెళ్ళి తెచ్చీసేను.” తువ్వాలు మడుచుకుంటూ, “నా సదువు కోసం తాతా. ఇంకెవులికోసమూ సెయ్యదు” అంది.

పరీక్ష శనివారమన్నారు. బయటి ఊరినుంచి రావాల్సిన ఎగ్జామినరు రాలేదు. బుధవారానికి మార్చారు. వాళ్ళకది కాగితం మీద ఒక తేదీ కొట్టేసి ఇంకోటి వేసుకోవడం.

ఆ నాలుగు రోజుల్లో ఆ పిల్ల కాగితపు గుట్ట మీద కూర్చోలేదు. మురీలు తేలేదు. వచ్చి కుండకి ఎదురుగా నిలబడేది, దానికి వీపు పెట్టేది కాదు. వెళ్ళేటప్పుడు వెనక్కి నడుచుకుంటూ గడప దాటేది. ఫోను మోగితే బల్ల మీద బోర్లా పెట్టేది.

“ఎత్తవేం?”

“మావ. ఎత్తితే ఏటౌతాదో నాకెరిక.”

నాకు దెయ్యాల మీద గానీ దేవతల మీద గానీ నమ్మకం లేదు. అయినా సోమవారం నాడు ఆ కుండని గోడవైపు తిప్పాను. దుమ్ము పడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. దుమ్ము గోడవైపూ పడుతుంది.

మంగళవారం పదకొండు గంటలకి ఒక నలభై ఏళ్ళ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు బయటే విప్పాడు. గోడవైపు తిరిగిన కుండని చూసి చేతులు జోడించాడు. నాకు కాదు, దానికి.

“నాను ఆ గుంటకి మేనమావని బాబూ. ఫోనెత్తదు. హాస్టలు కాడికెల్తే కాలేజీకెల్లిందన్నారు, కాలేజీకెల్తే లోనకి రానీనేదు. మీ కొట్టు సంగతి మా అమ్మకి సెప్పిందంట.”

“ఏం కావాలి?”

“ఊర్లో జ్వరాలు బాబూ. ఇద్దరు గుంటలకి మరీ ఎక్కువగున్నాది. మేకలోడు పొలిమేర కాడ సూసి ఘటం నేదన్నాడు. మా అమ్మనడిగేరు. కళ్ళు సెరపనేదని దాని నోటితో అదే సెప్పీసింది. అబద్ధం రాదు దానికి. నిన్న పొద్దున్నుంచి దాన్ని తీసుకెల్లి పొలిమేర కాడ కూకోబెట్టీసినారు. ఘటమొచ్చేదాకా నువ్వే కూకో అన్నారు. ఎండలో కూకుందండి.”

“మీరంతా మనుషులేనా?” అని అరిచాను. “జ్వరమొస్తే డాక్టరు దగ్గరికెళ్ళాలి. దోమలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ముసలావిణ్ణి ఎండలో కూచోబెడితే జ్వరం తగ్గుతుందా? పోలీసుల్ని పిలవలేకపోయావా?”

“పోలీసులు ఒక రోజుంతారు బాబూ. ఊరు రోజూ ఉంతాది.” గొంతు తగ్గించాడు. “నిన్నటినుంచి చిల్లంగి అన్న మాటొకటి తిరుగుతున్నాది.”

చిల్లంగి అంటే చేతబడి. మా వైపు జిల్లాల్లో ఆ మాట ఒక ఇంటి మీద పడిందంటే ఆ ఇంటి నీళ్ళు ముట్టేవాడుండడు. అంతటితో ఆగితే అదృష్టం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నా కోపం నన్ను వదల్లేదు.

“అయితే కుండ పట్టుకుపోవడానికొచ్చావా?”

“నాను ముట్టుకోకూడదు. ఆ ఇంటి ఆడకూతురే ఎత్తాల. గుంటకి ఒక్క మాట సెప్పండి బాబూ, ఈ పూటే బయల్దేరమని. నాను ఒంటిగంట బండికి పోవాల, ముసల్ది ఒక్కతే ఉన్నాది.” గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చాడు. “సెప్తారు కదండీ?”

“చెప్తాలే, పో.”

సాయంత్రం నాలుగింటికి ఆటో తెచ్చుకుని ఆ పిల్ల వచ్చింది, కుండని ప్రదర్శన హాలుకి చేర్చడానికి. గోడవైపు తిరిగి ఉండడం చూసి నావైపు చూసింది. తువ్వాలు కప్పుతూ అడిగింది: “ఊర్నుంచి ఎవులైనా వచ్చారా తాతా?”

నాలుగేళ్ళ కష్టం. రేపు పదింటికి పరీక్ష. చెప్తే ఈ పిల్ల ఇటునుంచిటే స్టేషనుకి పోతుంది, గైడు ఇంకో ఏడాది తిప్పుతాడు, ఊరి మూఢత్వం గెలుస్తుంది. ఇంకొక్క రోజేగా. ఇవన్నీ నేను అప్పుడు అనుకున్నవే, ఇప్పుడు కల్పించి రాస్తున్నవి కావు.

“ఎవరూ రాలేదు” అన్నాను.

బుధవారం మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. కుండ చంకలో ఉంది. ఎగ్జామినరు ఘటం చుట్టూ రెండుసార్లు తిరిగాడట. కుర్చీ దానికెదురుగా ఉంటే పక్కకి జరుపుకున్నాడట. ఒక్క ఆధారం కూడా అడగలేదట. గైడయితే, అసలు ఘటాన్ని తెప్పించాలన్న ఆలోచన తనదేనని ఎగ్జామినరుతో చెప్పుకున్నాడట. ఆ మాటకి పగలబడి నవ్వి, వారం రోజుల తర్వాత మొదటిసారి కాగితపు గుట్ట మీద కూలబడింది. “ఫస్టొస్తాది తాతా” అంది.

అప్పుడు చెప్పాను.

నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. లేచి, కుండని తువ్వాల్లో చుట్టుకుని, ఈసారి నాకు వీపు పెట్టి నడిచి వెళ్ళిపోయింది.

పరీక్ష అయిన పన్నెండో రోజు, కాలేజీకివ్వాల్సిన పుస్తకాలు కుట్టించుకోవడానికి వచ్చింది. నెత్తి మీద నూనె లేదు. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను అడక్కుండానే చెప్పింది, నిలబడి, రెండు కాళ్ళ మీదా.

“నానెళ్ళేసరికి గట్టుకి జేరబడి ఉన్నాది. నీళ్ళిచ్చేరంట, దూరంనుంచి చెంబు పెట్టి. కుండ ముందట పెట్టేను. సెరుపు అమ్మమ్మా అన్నాను. సెయ్యి లేవనేదు తాతా. కుడిసెయ్యీ, కుడికాలూ, నోరూ పడిపోనాయి. నానే దాని బొటనేలు పట్టుకుని, సెంబులో ముంచి, సెరిపేను. ఊరంతా దూరంగా నిలబడి సూసింది. నాలుగో నాటికి పోయింది.”

“పిల్లల జ్వరాలు?”

“తగ్గిపోనాయి.”

జ్వరాలు తగ్గుతాయి. నాకు ఆ మాట నోటిదాకా వచ్చింది. అనడానికి మొహం చెల్లలేదు.

“నువ్వు సెప్పుంటే నాను పరీక్ష మానేసి ఎల్లుందును. అది నీకెరికే కదా?”

“ఎరికే.”

“అందుకే సెప్పలేదు.”

తల ఊపాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సంచిలోంచి మడిచిన కాగితమొకటి తీసింది. మూడంచులూ జిగురుతో మూసేసి ఉన్నాయి. “కాలేజీకిచ్చే కాపీలో ఇది ఆఖర్న పెట్టి కుట్టు. సదవకు” అంది. పండక్కి ముందెప్పుడో నా షట్టరుకి ఆరేసుకున్న పసుపుదారపు ఉండ బల్ల మీద పెట్టింది. “దీంతో కుట్టు.”

నా చేతిలోకొచ్చిన ఏ కాగితాన్నీ చదవకుండా కుట్టనివాణ్ణి, అది చదవకుండా కుట్టాను.

తర్వాత ఆ పిల్ల ఈ ఊరు రాలేదు. డిగ్రీ కాగితం తీసుకోవడానికి మేనమామే వచ్చాడు, నా షాపు ముందునుంచే వెళ్ళాడు, నేనే పిలిచి అడిగాను. బొమ్మలు వెయ్యడం లేదట. పండక్కి ఘటం మాత్రం రాస్తోందట, అమ్మమ్మ వంతు ఇప్పుడు తనదే. “మానెయ్యొచ్చుగా?” అన్నాను. “మానీస్తే ఏటంతారో మీకు తెలీదా బాబూ? రాస్తేనే సూస్తన్నారు, సెరిపేటప్పుడు పదిమంది దగ్గరికొచ్చి మరీ సూస్తన్నారు. జ్వరమెవులికొచ్చినా ముందు మా గుమ్మంకేసే సూస్తారు” అన్నాడు. పోయిన నెల వానలు పడ్డాయి. ఈ వారమంతా పేపర్లో ఆ వైపు మండలాల జ్వరాల సంగతే. రోజూ చదువుతున్నాను. ఊరి పేరు కోసం వెతుకుతున్నాను.

ఇదీ ఆ పిల్లలిద్దరూ మోడల్ అని తెచ్చిన పుస్తకం.

ఆఖరి పేజీ తిప్పాను. మూడంచులూ మూసినవి మూసినట్టే ఉన్నాయి. నాలుగేళ్ళలో గైడు విప్పలేదు, లైబ్రరీ విప్పలేదు, మార్జిన్లు కొలిచినవాళ్ళెవరూ విప్పలేదు. నేను కత్తి తీశాను.

“అయ్యో తాతగారూ, లైబ్రరీ బుక్కండి, కొయ్యకండి!” అంది పొడుగుపిల్ల.

“కుట్టింది నేనే” అని కోశాను.

పైన ‘ఆధారాలు’ అని శీర్షిక. దాని కింద అమ్మమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద, పొలిమేర దగ్గర మూడు పగళ్ళు, అని ఉంది. ఆ కింద పేజీ అంతా రెండు కళ్ళు. పసుపు మీద మసితో, ఆఖర్న దిద్దినవి. వాటి కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం: ఇవి బైండింగు తాత చెరపాలి.

మైలుతుత్తం కలిపిన జిగురు గిన్నె పక్కనే మంచినీళ్ళ కుండ ఉంది. బొటనవేలు ముంచి, ఆడపిల్లలిద్దరూ నోరు తెరుచుకుని చూస్తుండగా, ఎడమకన్ను మీద రుద్దాను. గట్టిగా రుద్దాను. వేలు పచ్చబడింది, నల్లబడింది. కాగితం మీది కన్ను అలాగే ఉంది. రంగు తాగని కాగితాన్ని వాసన చూసి ఎంచుకోగలిగిన పిల్ల, దీనికి మాత్రం తాగే కాగితాన్నే తెచ్చింది.